సంతకానికి ముందు అడగాల్సిన మాట

2002 ఫిబ్రవరిలో మారిషస్ అధ్యక్షుడు కాసిం ఉతీం ఉగ్రవాద నిరోధక బిల్లు మీద సంతకం పెట్టనని పదవి వదిలేశారు. ఆయన స్థానంలోకి వచ్చిన ఉపాధ్యక్షుడు అంగిడి చెట్టియార్ కూడా పెట్టనన్నారు, ఆయనా దిగిపోయారు. చివరికి ప్రధాన న్యాయమూర్తి తాత్కాలిక అధ్యక్షుడిగా సంతకం చేస్తే గాని అది చట్టం కాలేదు. హైదరాబాద్ కన్నా ఎంతో తక్కువ జనాభా ఉన్న ద్వీప దేశం అది. గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీల వారసులు నేటికీ అక్కడ ఉన్నారు. 1992 మార్చి 12న అది గణతంత్రమైంది. అధ్యక్షుడిని పార్లమెంటు ఎన్నుకుంటుంది. మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవడమే ఆయన పని, ఇంచుమించు మన రాష్ట్రపతి లాగే.

చట్టం ఎలాగూ వచ్చింది కదా, ఆ రాజీనామాలతో ఒరిగిందేమిటి అంటారా? అలంకార పదవి అని అందరూ తీసిపారేసే చోట కూర్చున్న మనిషి కూడా ‘ఎందుకు?’ అని అడగగలడని తేలింది. మా దృష్టిలో అది చిన్న సంగతి కాదు. ఈ మాట కోసం హిందూ మహాసముద్రం దాకా వెళ్ళడానికి కారణం ఒకటే: భద్రాచలం మన్యంలో రాష్ట్రపతి సంతకం ఊళ్ళ తలరాతలు మార్చింది, ఒకసారి మేలుకు, ఒకసారి ఎవరినీ అడగకుండా.

మేలు సంగతి ముందు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతాలకు గవర్నర్ చేసే ఏ రెగ్యులేషనైనా రాష్ట్రపతి ఆమోదం పొందేదాకా చెల్లదు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనకుండా, ఆఖరికి తమలో తాము అమ్ముకోవడానికి కూడా వీల్లేకుండా కట్టడి చేసిన 1/70 రెగ్యులేషన్ ఆ దారిన వచ్చిందే. 1970 ఫిబ్రవరి 3న అది అమల్లోకి వచ్చేనాటికి రాష్ట్రపతి వి.వి.గిరి. ఆ చట్టానికి పడిన తూట్లు ఇన్నీ అన్నీ కావు, బినామీ పేర్ల కథలు ఏజెన్సీలో ఎవరినడిగినా చెబుతారు. అయినా భూమి పోయిన కోయ రైతు కోర్టు మెట్లెక్కితే చేతిలో ఉండే ఆయుధం నేటికీ అదే.

రెండో సంతకం 2014 మే 29న ప్రణబ్ ముఖర్జీ ఆర్డినెన్సు మీద పెట్టింది. తెలంగాణ పుట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, పట్టణం తప్ప మిగతా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయాయి. పోలవరం ప్రాజెక్టు ముంపు బాధితులకు పునరావాసం ఇవ్వాలంటే ఆ ఊళ్ళన్నీ ఒకే రాష్ట్రంలో ఉండాలన్నది కేంద్రం వాదన. అందులో అర్థం లేకపోలేదు. కానీ ఆ రోజు ఉమ్మడి రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది. అభిప్రాయం చెప్పడానికి శాసనసభ లేదు, అడగడానికి గ్రామసభలు ఎవరికీ గుర్తురాలేదు. జులైలో పార్లమెంటు ఆర్డినెన్సును చట్టం చేసింది.

సరిహద్దులు కదలడం ఈ మన్యానికి కొత్త కాదు. 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్‌వాళ్ళకు, 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి. అప్పుడు అడగనివాళ్ళు దొరలు, అధికారులు. 2014 నాటికి మనకు రాజ్యాంగమే కాదు, గ్రామసభలకు అధికారాలిచ్చిన పెసా చట్టం వచ్చి కూడా 18 ఏళ్ళయింది.

ఫలితం ఇవాళ భద్రాచలంలో చూడవచ్చు. పట్టణం దీవిలా మిగిలింది. రాముడి గుడి తెలంగాణలో, ఆయన భూములు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రాలో. ఊరి చెత్త పోయడానికి కూడా జాగా వెతుక్కోవాలి. ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, ఈ ఐదూళ్ళ పంచాయితీ ఇంకా తెగలేదు. 2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. తప్పు పోలవరానిదని ఒక ప్రభుత్వం, కాదని ఇంకో ప్రభుత్వం. మమ్మల్ని తెలంగాణలో కలపండని ఆ ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు.

ఆ వరద వచ్చిన తొమ్మిది రోజులకు ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి ఆదివాసీ ఆమె. అదే ఏడాది డిసెంబర్ 28న భద్రాచలం వచ్చి రాముణ్ణి దర్శించుకున్నారు, ఆదివాసీలతో మాట్లాడారు. సంతోషం. అయితే ఈ పదవి చేయగలిగింది దర్శనాలకన్నా ఎక్కువ. 2001 గణతంత్ర దినోత్సవానికి ముందు రోజు కె.ఆర్.నారాయణన్ చేసిన ప్రసంగం గుర్తుంచుకోవాలి. అడవినీ ఆదివాసీనీ నాశనం చేసి ఈ గణతంత్రాన్ని కట్టుకున్నారని రేపటి తరం అనుకోకూడదని ఆయన ప్రభుత్వానికే వినబడేలా హెచ్చరించారు. అందుకాయన రాజీనామా చేయాల్సిన పని పడలేదు.

ఐదో షెడ్యూలు మూడో పేరా ప్రకారం గవర్నర్ ఏటా, లేదా రాష్ట్రపతి అడిగినప్పుడల్లా, షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనపై నివేదిక పంపాలి. ‘అడిగినప్పుడల్లా’ అన్నది రాజ్యాంగం రాసిపెట్టిన మాట. మంత్రివర్గం సలహా లేకుండా రాష్ట్రపతి ఏమీ చేయలేరన్నది నిజమే గాని, నివేదిక ఏదీ అని అడిగితే కాదనే మంత్రివర్గం ఉంటుందా? పైగా మూడో ఆర్టికల్ కింద సరిహద్దు మార్చే బిల్లు రాష్ట్రపతి సిఫారసు లేనిదే పార్లమెంటు గడప తొక్కదు.

అందుకని మా విన్నపం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గవర్నర్లకు. భద్రాచలం, చింతూరు మన్యాలపై పంపే నివేదికలను తెలుగులో అచ్చువేసి ప్రతి పంచాయతీ ఆఫీసులో పెట్టించండి. ఐదూళ్ళలో గ్రామసభలు పెట్టి, ఏ రాష్ట్రంలో ఉంటారో అడిగి, ఆ తీర్మానాలను మీ నివేదికతో పాటు రాష్ట్రపతి భవన్‌కు పంపండి.