ఆ తొవ్వకు టిక్కు పెట్టొద్దు

ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట తండాల్లో ఈ మధ్య కొత్త ముచ్చట నడుస్తున్నది. టీచర్లైనోళ్లు, బ్యాంకుల్లో, రైల్వేల్లో నౌకరీ దొరికినోళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి అండమాన్ పోయి వస్తున్నారు. కామారెడ్డిలో రైలెక్కుతారు, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో విమానం ఎక్కుతారు, అక్కడ ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి ఓడలో తిరుగుతారు. తిరిగొచ్చినంక నెల దాకా తండాలో ఆ ఫోటోలే, ఆ మాటలే.

దీన్ని తప్పు పట్టడానికి మేము కలం పట్టలేదు. సంతోషపడేవాళ్లలో మేమూ ఉన్నాం. మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా నడిచారు. అది షికారు కాదు, బతుకు. తర్వాత మన నాయినలు కరువుకు పట్నం పోయారు, బొంబాయి పోయారు, దుబాయ్ పోయారు. అదీ బతుకే. ఉత్త సంతోషం కోసం ఇల్లు కదిలిన మొదటి తరం మనది. సముద్రం చూడాలె, నీళ్లలో మునగాలె, పిల్లలకు చూపాలె. ఆ హక్కు మనకు లేదనేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతోనే మన కొట్లాట.

మా పేచీ అంతా ఒక కాగితంతో. టూరు నడిపేవాళ్లు ముందుగా ఒక పట్టిక ఇస్తారు. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్. నార్త్ బేలో అడుగున అద్దం ఉన్న పడవ. రాస్ ద్వీపం. సెల్యులార్ జైలు. బారాటాంగ్ సున్నపురాయి గుహలు. ఎక్కడెక్కడ ఒడ్డు దిగి ఏమేం చూస్తారో టిక్కు పెట్టమంటారు. మనవాళ్లు ఒక్కటి కూడా వదలకుండా అన్నింటికీ పెడుతున్నారు. చివరిదానికి పెట్టొద్దని చెప్పడానికే ఈ వ్యాసం.

గుహలతో మాకు పేచీ లేదు. గుహలకు పోయే తొవ్వతోనే ఉంది. ఇప్పుడు శ్రీవిజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి తెల్లవారకముందే బండ్లు బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరుస కడతాయి. గేటు తెరిచినంక ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండి పెట్టి, నడుమ అందరినీ గుంపుగా తోలుతారు. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు యాభై కిలోమీటర్ల అడవి. ఆ అడవి జార్వాలది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద ప్రభుత్వమే వాళ్లకోసం కేటాయించింది. ఆపొద్దు, ఫోటో తీయొద్దు, తిండి ఇవ్వొద్దు అని బోర్డులు ఉంటాయి. అన్ని బోర్డుల మధ్య నుంచి పోయి వచ్చినవాళ్లను తండాలో మనోళ్లు అడుగుతున్న మొదటి ప్రశ్న ఏంది? గుహలు ఎట్లున్నయి అని కాదు. "జార్వాలు కనపడ్డరా?" అని.

కనపడ్డారట. ఒక మలుపు దగ్గర ముగ్గురు. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. చెప్పేవాళ్ల గొంతులో పులి కనపడినంత సంబురం.

అన్నలారా, అక్కలారా, ఈ సంబురం మనకు ఎరుక లేనిదా? శ్రావణంలో తీజ్ వస్తే మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు నిష్ఠగా గోధుమ మొలకలకు నీళ్లు పోస్తారు. ఆ తొమ్మిది రోజుల్లో ఎన్ని కెమెరాలు తండాలోకి దిగుతాయో మనకు తెలుసు. పాట ఏందో అడగరు, అర్థం ఏందో అడగరు. మొలకల బుట్ట నెత్తిన పెట్టుకుని ఇట్ల తిరుగమ్మా, అట్ల చూడమ్మా అంటారు. పొలం గట్టున ఫేట్యా, కాంచళి వేసుకున్న మన అవ్వ కనపడితే కారు ఆగుతుంది. ఒక్క ఫోటో అంటూ అద్దం దిగుతుంది. ఆ అద్దం వెనుక మొఖాలను చూసి మనకెంత మండుతుందో మన సభల్లో, మన పుస్తకాల్లో ఎన్నిసార్లు రాసుకున్నాం? అదే మనం జిర్కాటాంగ్ గేటు దాటంగానే అద్దం లోపలి మొఖాలం అయిపోతున్నాం.

జార్వాలు ఎందరో గుర్తుంచుకుందాం. 2011 జనగణనలో 380 మంది. 2018 చట్టంతో తండాలు గ్రామ పంచాయతీలు కావాలంటే ఐదువందల జనాభా ఉండాలన్నారు కదా. ఆ లెక్కన అప్పటి జార్వా జాతి మొత్తం కలిసినా ఒక తండా పంచాయతీకి సరిపోదు. గ్రేట్ అండమానీలది ఇంకా ఘోరం. 1858లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల స్థావరం పెట్టేనాటికి వాళ్లు వేలల్లో ఉండేవారు. బయటివాళ్లతో వచ్చిన తట్టు, సుఖరోగాలు వాళ్లను ఊడ్చేశాయి. 2011 లెక్కలో 44 మంది మిగిలారు. వాళ్ల భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే చివరి మనిషి, బోవా అనే ముసలమ్మ, 2010 జనవరిలో కన్నుమూసింది. ఆమెతో ఆ భాష పోయింది. మన గోర్ బోలీకి లిపి లేదని, బడిలో చోటు లేదని బాధపడే మనకు ఆ చావు పరాయి చావు కాదు.

జార్వాలు చాలాకాలం బాణాలతోనే జవాబు చెప్పారు. అడవిని చీల్చుకుంటూ రోడ్డు వేస్తుంటే అడ్డుకున్నారు. 1997 తర్వాతనే వాళ్లు తమంతట తాము బయటికి రావడం మొదలైంది. రెండేళ్లు తిరగకముందే, 1999లో, వాళ్లలో తట్టు వ్యాపించింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆ అడవి మీదుగా పోయే రోడ్డు భాగాన్ని మూసేయమన్నది. మూయలేదు. 2012 జనవరిలో జార్వా ఆడవాళ్లను టూరిస్టుల ముందు ఆడించిన వీడియో బయటపడి దేశం పరువు పోయింది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టులను ఆపింది. మార్చిలో ఆ నిషేధం పోయింది. మళ్లీ గేటు తెరిచారు, మళ్లీ వరుస కట్టారు. ఇప్పుడు ఆ వరుసలో మనం ఉన్నాం. గిరిజనులను కాపాడాలని చేసిన చట్టం బోర్డును దాటి, గిరిజన రిజర్వేషన్‌తో నౌకరీ తెచ్చుకున్న మనం పోతున్నాం.

ఈ మాట అంటే మనోళ్లు ఇచ్చే జవాబులు మేము విన్నాం. వాటికి జవాబు చెప్పకుండా తప్పించుకోం.

మొదటిది: మనం పోకపోయినా ఆ బండ్లు ఆగవు కదా. ఆగవు. కానీ ఆ బండ్లు ఎందుకు నడుస్తున్నాయి? అటువైపు దీవుల్లో ఊర్లున్నాయి, జబ్బు చేసినవాళ్లున్నారు, బడికి పోయే పిల్లలున్నారు. వాళ్లకు రోడ్డు అవసరం, దాన్ని మేము కాదనం. టూరిస్టుకు ఏం అవసరం? బారాటాంగ్‌కు సముద్రం మీదుగా పోయే దారి కూడా ఉంది. టూరు నడిపేవాడు జనం కోరిందే అమ్ముతాడు. పట్టికలో ఆ గడి ఖాళీగా వస్తే వాడే వేరే దారి వెతుకుతాడు. సారా మీద కొట్లాడిన తండా ఆడవాళ్లకు ఈ లెక్క ఒకరు నేర్పాల్సిన పని లేదు.

రెండోది: వాళ్లను అడవిలోనే ఉంచాలా, వాళ్లకు అభివృద్ధి వద్దా? ఈ ప్రశ్న గట్టిది. మన తండాలకు రోడ్డు కావాలని మనమే మండలాఫీసు ముందు కూర్చున్నాం. అంబులెన్సు రాక మంచం మీద బాలింతను మోసిన యాది ఇంకా ఉంది. రోడ్డు లేకపోవడం గొప్ప అని మేము ఎన్నడూ అనం. కానీ మన రోడ్డును మనం అడిగాం. ఎక్కడి నుంచి ఎక్కడికో మనం చెప్పాం. జార్వాలను ఎవరూ అడగలేదు. రేపు వాళ్లు బడి కావాలన్నా, దవాఖాన కావాలన్నా, ఏదీ వద్దన్నా ఆ మాట వాళ్లదే కావాలె. కారు కిటికీలోంచి చూడడం ఏ అభివృద్ధి కిందికి వస్తుంది? బిస్కెట్ పొట్లం విసిరితే వాళ్లకు ఏ హక్కు దక్కింది?

మూడోది: మనమూ గిరిజనులమే, మనం చూస్తే తప్పేముంది? ఇదే అన్నిటికంటే ప్రమాదమైన మాట. తట్టు సర్టిఫికెట్ చూసి అంటుకోదు. మన దగ్గు వాళ్లకు ఎంత ప్రమాదమో హైదరాబాద్ దొర దగ్గూ అంతే ప్రమాదం. గిరిజనులం అన్నది వాళ్ల ఇంట్లోకి పోవడానికి మనకు ఇచ్చిన పాసు కాదు. పోకుండా ఉండడానికి మనకు అందరికంటే ఎక్కువ ఎరుక ఉండాలె.

మరి సముద్రంలో మునగొచ్చా? మునగొచ్చు, పద్ధతిగా. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలి చూస్తే కింద కనపడేది రాయి కాదు. పగడం ప్రాణి. చిన్న చిన్న జీవులు తరాల తరబడి కట్టుకున్న ఊరు అది. నీళ్లు వేడెక్కితే వాటిలో ఉండి తిండి సమకూర్చే నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్ సముద్రంలో పెద్ద ఎత్తున అదే జరిగింది. ఆ దెబ్బలు తిన్నదాని మీద మనం కాలు పెట్టి నిలబడి ఫోటో దిగితే ఏళ్లు పట్టి పెరిగిన కొమ్మ ఒక్క క్షణంలో విరుగుతుంది. ఈత రానివాళ్లు భయంతో నిలబడేది దాని మీదనే. అందుకే గైడు చెయ్యి వదలకుండా, లైఫ్‌జాకెట్ వేసుకుని, దేన్నీ ముట్టకుండా చూడాలె. ముక్క తెంపి సంచిలో వేసుకోవద్దు. అది నేరం కూడా.

వండూర్ దగ్గర 1983లో పెట్టిన సముద్ర జాతీయ పార్కులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అని రెండు ద్వీపాలున్నాయి. ఒకటి తెరిచినప్పుడు ఇంకొకటి మూస్తారు, పగడాలకు ఊపిరి తిరగాలని. మన తాతలు చెలకను ఒక ఏడు బీడు ఉంచినట్టు. మంచి పద్ధతి, మెచ్చుకుందాం. అయితే పగడానికి సెలవు ఇచ్చే తెలివి ఉన్న దేశానికి, జార్వాలకు టూరిస్టుల నుంచి సెలవు ఇచ్చే తెలివి ఎందుకు లేదు?

ఇదంతా సముద్రం అవతలి ముచ్చట అనుకునేవాళ్లు గోదావరి చూడండి. పాపికొండల పడవ యాత్రకు మనవాళ్లు పోచవరం నుంచి పోతారు. పేరంటాలపల్లిలో ఒడ్డు దిగుతారు. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మల దగ్గర బేరమాడతారు, గుడిసెల ముందు ఫోటో దిగి పడవెక్కుతారు. ఆ ఊర్లు పోలవరం ముంపు కింద ఉన్నాయని ఎందరికి పట్టింది? 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు నాటు పడవలు వేసుకుని వరద గోదావరిలోకి ఉరికింది ఆ ఒడ్డు మీది గిరిజనులే. టూరిస్టుకు వాళ్లు అంతదాకా బొమ్మలో భాగం. మునిగినప్పుడు మనుషులయ్యారు.

మన ఒడ్డు ముచ్చట కూడా మాట్లాడుకుందాం. 1922లో పూర్తయిన పోచారం, 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన ఇంటి ముందటి నీళ్లు. పోచారం అడవి ఒకనాడు నిజాం వేటకు వచ్చిన చోటు, తర్వాత అభయారణ్యం అయింది. ఆ అడవి అంచున మేకలు మేపుకునేది మనం, పోడు కోసం కేసులు మోసింది మనం. రేపు అక్కడ రిసార్టులు వస్తాయి, పడవలు వస్తాయి, పట్టికలు అచ్చవుతాయి. 'తండా సందర్శన, లంబాడీ నృత్యం' అని అందులో ఒక గడి ఉంటుంది. అప్పుడు గ్రామసభను అడగకుండా ఎట్ల పెట్టారని మనం లేస్తాం. లేవాలె. ఆనాడు అవతలివాడు, నువ్వు జార్వాల తొవ్వ మీద పోయినప్పుడు ఎవరిని అడిగినవ్ అంటే ఏం చెప్తాం?

అడగడం అంటే ఏందో నికోబార్ జనం చూపించారు. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్నం కట్టడానికి 130 చదరపు కిలోమీటర్ల అడవి తీసుకుంటామంటే, మాకు పూర్తి సంగతి చెప్పలేదని అక్కడి గిరిజన మండలి 2022 నవంబర్‌లో తన సమ్మతిని వెనక్కి తీసుకుంది. కాదనే హక్కు లేనిచోట అవుననడానికి విలువ లేదు. వాళ్ల 'కాదు'కు మనం ఇక్కడి నుంచి తోడు నిలవకపోతే, మన 'కాదు'కు రేపు ఎవరు నిలుస్తారు?

కాబట్టి ఈసారి కాగితం చేతికి వచ్చినప్పుడు బారాటాంగ్ రోడ్డు గడి ఖాళీగా వదలండి. ఎందుకు వదిలారో టూరు మనిషికి నోటితో చెప్పండి. ప్యాకేజీలో కలిసే ఉంది, పైసలు తగ్గవు అంటే తగ్గకపోనీయండి. ఆ రోజు పిల్లలను ఇంకోసారి సెల్యులార్ జైలుకు తీసుకుపోండి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, అండమాన్‌లో శిక్ష అనుభవించి, తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు గెలిచిన గిరిజనుడు గాం మల్లుదొర ముచ్చట వాళ్లకు చెప్పండి. ఆ ద్వీపానికి మనకంటే ముందు మనోళ్లు సంకెళ్లతో పోయారని చెప్పండి. తర్వాత, పక్క అడవిలో ఇంకా స్వేచ్ఛగా ఉన్నవాళ్లను చూడడానికి మనం ఎందుకు పోలేదో కూడా చెప్పండి.

తండాకు తిరిగొచ్చినంక ఎవరో ఒకరు అడుగుతారు, జార్వాలు కనపడ్డరా అని. మేము ఆ తొవ్వన పోలేదు అని చెప్పండి. ఎందుకని అడిగితే, కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పండి.