పురుగు మరకకు గిన్నెల పీచు వైద్యమా?

సంపాదకునికి,

తమ ఆదివారం అనుబంధంలో ఇటీవల వెలువడిన ‘కారు మీది పురుగు మరకలు క్షణాల్లో మాయం’ అనే చిట్కా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచును బట్టలపొడి కలిపిన నీళ్లలో ముంచి మరక పోయేదాకా గట్టిగా రుద్దాలని, అప్పటికీ వదలకపోతే కిరోసిన్ అద్దాలని సెలవిచ్చిన ఆ నాలుగు వాక్యాలలో మరకను గురించి గానీ, రంగును గురించి గానీ తెలిసి రాసిన మాట ఒక్కటీ లేదు. మరక పోతుందన్నది నిజమే. దానితోపాటు ఇంకేమేమి పోతాయో చెప్పకుండా దాచడమే అభ్యంతరం.

కారుకు ఉండేది ఒక్క పొర రంగు కాదు. ఇనుపరేకుకు తుప్పు పట్టకుండా వేసే పూత, దాని మీద ప్రైమరు, ఆపైన కంటికి కనిపించే రంగు, అన్నిటికీ పైన ‘క్లియర్ కోట్’ అని పిలిచే రంగులేని పారదర్శకమైన పొర ఉంటాయి. కారుకు మెరుపునిచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని లోపలి రంగు వెలిసిపోకుండా కాచేదీ ఈ చివరి పొరే. దాని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్ కాగా, తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఇక ఆకుపచ్చ పీచుకు అల్యూమినియం ఆక్సైడ్ అనే రాపిడి పొడిని అంటించి ఉంచుతారు. ఖనిజాల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో వజ్రానికి 10 అయితే ఈ పొడికి 9. మాడిన పాలగిన్నె కోసం తయారైన ఆయుధాన్ని వెంట్రుక మందం కూడా లేని పొర మీదకు పంపించిన ఘనత తమ చిట్కాల శీర్షికదే.

పురుగు సంగతీ తక్కువది కాదు. సార్వా పైరు కోతకు దగ్గరపడే అక్టోబరు, నవంబరు నెలల్లో సుడిదోమలు, పచ్చదోమలు, కాండం తొలుచు పురుగు తాలూకు రెక్కల పురుగులు వరిచేల నుంచి గుంపులుగా దీపాలకు ఎగబడతాయి. ఈ స్వభావాన్ని ఆధారం చేసుకునే మారుటేరు వరి పరిశోధనా కేంద్రం వంటి చోట్ల దీపపు ఎరలు పెట్టి పురుగుల ఉధృతిని అంచనా వేస్తారు. రాత్రిపూట పొలాల మధ్య రోడ్డున వేగంగా పోయే కారు ఆ లెక్కన ఒక కదిలే దీపపు ఎర. తగిలి చితికిన పురుగు నుంచి మాంసకృత్తులూ కొవ్వూ గల ద్రవం వెలువడి, కైటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడిన పెంకు ముక్కలను కలుపుకొని, పళ్లేనికి పట్టిన గుడ్డుసొన లాగా ఎండి బిగుసుకుపోతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఏటా మే, సెప్టెంబరు నెలల్లో ముసిరే ‘లవ్‌బగ్’ అనే ఈగల మీద జరిగిన పరిశీలనలో, చచ్చిన ఈగ దేహపు పీహెచ్ విలువ, అంటే 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లగుణాన్ని సూచించే సంఖ్య, ఒక్క రోజులోనే 6.5 నుంచి 4.25కు దిగజారినట్లు తేలింది. కనుక మరకను ఎండలో వదిలేయడమూ తప్పే. ఆ ఆమ్లం క్లియర్ కోట్‌ను తిని, ఎంత కడిగినా పోని మచ్చను మిగులుస్తుంది. తొందరపడవలసింది కడగడానికే తప్ప రుద్దడానికి కాదు.

ఇంత కటువుగా రాయడానికి కారణం ఉంది. ఈ లేఖ రాస్తున్న పాఠకుని కుటుంబం కార్తీకమాసంలో తణుకు దగ్గర ఒక పల్లెలో జరిగిన పెళ్లికి వెళ్లి, రావులపాలెం మీదుగా అర్ధరాత్రి కోరుకొండకు తిరిగి వచ్చేసరికి ముదురు నీలం కారు బానెట్, ముందు బంపరు, అద్దాల వెనుక డొప్పలు పురుగులతో నిండిపోయాయి. మర్నాడు కారును వాటర్ సర్వీసింగుకు ఇచ్చి, సాయంత్రం తెచ్చుకున్నప్పుడు తడి మీద ఉన్న బానెట్ అద్దంలా ఉంది. గీతల్లో నీరు నిలిచినంతసేపు అవి కనిపించవు. నీరు ఆరి, పడమటి ఎండ ఏటవాలుగా పడగానే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్లు గుండ్రటి గీతలు తేలాయి. సర్వీసింగు యజమానిని నిలదీస్తే, అతడు ఏమాత్రం తొణక్కుండా గోడకు అంటించిన తమ పత్రిక ముక్కను చూపించి, “ఆయ్, పేపర్లోనే వేశారండి, మనం సొంతంగా చేసిందేం లేదండి” అన్నాడు. ఇంతటి నమ్మకస్థుడైన పాఠకుడు ఉన్నందుకు సంపాదకవర్గం సంతోషించవచ్చు. పైగా కిరోసిన్ కూడా చిట్కాలో చెప్పినట్లే వాడారు. అది గట్టిపడిన క్లియర్ కోట్‌ను అప్పటికప్పుడు కరిగించకపోయినా, రంగుకు రక్షణగా పూసిన మైనాన్ని తుడిచిపెట్టి, దుమ్మును పట్టి ఉంచే జిడ్డు పొరను వదిలివెళుతుంది. గీతలకు విరుగుడుగా యజమాని చూపిన ఉపాయం రబ్బింగ్ పాలిష్. రబ్బింగ్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కూడా అరగదీయడం. అరిగిన పొర మళ్లీ పెరగదు, లోతైన గీత ఎలాగూ మిగిలే ఉంటుంది. ఆ ఖర్చును చిట్కా రాసినవారు భరిస్తారో, అచ్చువేసినవారు భరిస్తారో అనుబంధంలో ఎక్కడా పేర్కొనలేదు.

గీతలకు పీచు ఒక్కటే కారణమనడం కూడా అన్యాయమే అవుతుంది. రోడ్డు దుమ్ములోని ఇసుకరేణువుల్లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. అది పట్టిన కారును పొడిగుడ్డతో తుడిచినా చాలు, గుడ్డే ఉప్పుకాగితం అవుతుంది.    

నిజానికి ఎండిన పురుగును వదిలించే పనిలో బలానికి దాదాపు చోటు లేదు. నానబెట్టడమే అసలు పని. కారును నీడన నిలిపి, బానెట్ చల్లబడనిచ్చి, ముందుగా ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. తరువాత కార్ల కోసం తయారైన షాంపూ, అంటే క్షారగుణం లేకుండా రంగుకూ గుడ్డకూ మధ్య జారుడునిచ్చే సబ్బు, కలిపిన నీళ్లలో మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, పిండకుండానే మరకల మీద పరిచి, అయిదు నుంచి పది నిమిషాలు వదిలేయాలి; సన్నని పోగులతో నేసిన ఆ గుడ్డ మట్టిరేణువును తన కుచ్చులోకి లాక్కుంటుంది కనుక రంగు మీద ఈడ్చదు. నానిన మరకను నొక్కకుండా ఒకే దిక్కున జారవిడుస్తూ తుడిచి, ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చాలి. వదలని మరకను మళ్లీ నానబెట్టాలే గాని గోటితో గీకరాదు. అప్పటికీ గరుకు మిగిలితే క్లే బార్ అనే మెత్తటి బంకముద్దను షాంపూ నీటి జారుడు మీద తేలికగా నడిపితే సరిపోతుంది; ఆ ముద్ద నేల మీద పడితే మట్టి అంటుకుంటుంది కనుక దానిని పారేయవలసిందే. చివర పూసే మైనం మరుసటి పురుగును రంగుకు నేరుగా అంటనీయదు. పాత వార్తాపత్రికతో తుడవడం ముందు అద్దానికి పనికివస్తుంది, ఎందుకంటే గాజు గట్టిది. రంగుకు మాత్రం పత్రిక కాగితమూ పనికిరాదు, పత్రికలోని చిట్కా అంతకన్నా పనికిరాదు.

పురుగుల కాలం ఏటా వస్తుంది కనుక, ఆ చిట్కా వెలువడిన పేజీలోనే, అదే కొలత పెట్టెలో, అదే సైజు అక్షరాలతో సవరణ ప్రచురించాలని, దానిని కత్తిరించి గోడకు అంటించుకునే వీలుగా చుట్టూ గీత కూడా వేయాలని సంపాదకులకు విజ్ఞప్తి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోరుకొండ.