గింజ అడవిది, లాభం ఎవరిది?

భద్రాచలం: అడవిలో ముష్టి గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి సంతలోనో, గిరిజన సహకార సంస్థ డిపోలోనో అమ్మడంతో కోయల పని ముగుస్తుంది. గింజ ప్రయాణం మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ జాతి గింజల్లోంచి 1818లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు స్ట్రిక్నిన్ అనే విషాన్ని వేరుచేశారు. శుద్ధి చేసిన ముష్టి గింజ నేటికీ ఆయుర్వేద మందుల్లో పడుతోంది.

మొక్కలతో వ్యాపారం, పరిశోధన చేసే కంపెనీలు స్థానికులకు వాటా ఇవ్వాలన్నది 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉద్దేశం. ఇది వట్టి మాట కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి 2000 కిలోల వేపాకు జపానుకు ఎగుమతి అయినప్పుడు, కంపెనీ కట్టిన రాయల్టీలోంచి అక్కడి జీవవైవిధ్య కమిటీకి సొమ్ము అందింది. వేప మొక్కలు నాటడానికి అది ఉద్దేశించింది.

కమిటీ ఉన్నందునే ఆ డబ్బు ఊరికి చేరింది. చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ ఇలాంటి కమిటీ ఉండాలి. ఊళ్లో దొరికే మొక్కలు, వాటి వాడుక రిజిస్టరుకెక్కాలి.

2023లో చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో ఉన్న వైద్య విజ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా చెల్లింపు నుంచి మినహాయింపు ఇచ్చారు. గ్రంథాలకెక్కని తమ తెలివికి మాత్రం గిరిజనులు ఇప్పటికీ వాటా అడగవచ్చు. ఏ వేరు ఏ జబ్బుకో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. వారుండగానే ఆ రిజిస్టరు రాయించాలి. వచ్చే గ్రామసభలో సర్పంచిని, కార్యదర్శిని ముందుగా అడగవలసింది దాని సంగతే.