ఆ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి

మీ ఈమెయిల్‌కు పెట్టిన పాస్‌వర్డే ఇంకెక్కడైనా వాడుతున్నారా? అయితే ముందు లేచి దాన్ని మార్చి రండి. ఈ సంపాదకీయం తర్వాత చదువుకోవచ్చు.

2009 డిసెంబరులో అమెరికాలోని రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటికి పొక్కాయి. ఆ సంస్థ వాటిని సంకేతాలుగా మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే దాచుకుంది. వాటిలో అన్నిటికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి కాజేసినవి 2016లో అమ్మకానికి వచ్చాయి: 11.7 కోట్ల మంది ఈమెయిళ్లు, పాస్‌వర్డులు. దొంగలు ఇలాంటి జాబితాలు ముందు పెట్టుకుని, ఒకచోట దొరికిన పాస్‌వర్డ్‌ను వంద చోట్ల యంత్రాలతో వరసగా కొట్టి చూస్తారు. కాబట్టి ‘నా దగ్గర ఏముందని’ అన్న ధీమా వద్దు. ఆ యంత్రానికి మీరెవరో తెలియనక్కర్లేదు. ఇక మెయిల్ చిక్కిందా, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కి మీ మిగతా ఖాతాలూ లాక్కుంటారు.

తెలిసినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు యంత్రమూ అక్కర్లేదు, ఊహిస్తే చాలు. పాప పేరు, పక్కన 123. ఇలవేల్పు పేరు, పుట్టిన సంవత్సరం. లేదంటే బండి నంబరు. గుర్తుంటాయని పెట్టుకుంటాం. పుట్టినరోజు ఫొటోలతో పాటు వాటిలో సగం మనమే ఫేస్‌బుక్‌లో చాటాం. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కొడతాం కదా, ఆ సూత్రం ఊరందరికీ తెలుసు. సొంత ఖాతాలకు దాన్ని వాడితే పాస్‌వర్డ్ లేనట్టే.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో నెట్ సెంటర్లను చూడండి. అక్కడి కుర్రాడే పిల్లలకు జీమెయిల్ తెరిచి, తనకు గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసిస్తాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ వెబ్ ఆప్షన్లు ఆ పిల్లల భవిష్యత్తు. తల్లిదండ్రులారా, ఇంటికి రాగానే ఆ పాస్‌వర్డ్‌ను మార్పించండి.

మరి గుర్తుండేదెలా? పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. సామెతా వద్దు, పాట పల్లవీ వద్దు. పొడవే బలం. మూడు నెలలకోసారి మార్చాలన్న పాత నియమం మేలు కంటే కీడే చేసింది. జనం చివరి అంకె ఒక్కటి పెంచి ఊరుకున్నారు. కారణం లేకుండా మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. గుర్తుండకపోతే నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, అన్నిటికీ ఒకటే వాడటం కంటే అది నయం. ఫోన్ కాంటాక్టుల్లో మాత్రం దాచొద్దు. మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి, ఆ ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే పరువు గురించి ఆలోచించకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగొద్దు.