రేకు ఎవరిది? హక్కు ఎవరిది?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గాయాలు మాన్పే పసుపు గుణంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. కొల్లగొట్టేవారు ఉన్నంతకాలం కాపలా తప్పదు. కాని కాపలా దేనికి? పేరుకా, పేరు తెచ్చిన చేతికా?

పేటెంటు ఒకరి సొత్తు, గుర్తింపు ఊరందరి సొత్తు అంటారు. 1999 నాటి చట్టం విప్పి చూడండి. నకిలీపై దావా వేసే హక్కు గుర్తింపు పొందిన సంఘానిది, అధీకృత వినియోగదారులుగా నమోదైనవారిది. తయారీ సరుకుల విషయంలో "ఉత్పత్తిదారు" అనే మాటలో చట్టం తయారుచేసేవారితోపాటు వర్తకుణ్ణి కూడా కూర్చోబెట్టింది! బోర్లించిన కుండముందు, మంటసెగలో, పలుచని పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీసే కూలి స్త్రీ నమోదు కాకపోతే ఆ చట్టానికి ఆమె ఎవరూ కాదు.

దారి మూసిలేదు. తయారుచేసేవారూ ఉత్పత్తిదారులే అని చట్టమే ఒప్పుకున్నది. రేకు తీసే స్త్రీలు సంఘటితమై తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. రేపు పూతరేకుల పేర నడిచే వ్యాజ్యంలో వారు సాక్షులుగా కాదు, వాదులుగా నిలవాలి. అంతవరకూ ఈ గుర్తింపు పెట్టెమీది ముద్రే, చేతిలోని హక్కు కాదు.