రంగూన్ ఓడలు మన నవలల్లోకి రావాలి

ఏలినవాళ్లు వెళ్లగొట్టిన జనం ఓడలెక్కి సముద్రం దాటే కథ రాయడానికి తెలుగు రచయిత ఏ కల్పిత రాజ్యాన్నీ ఊహించుకోనక్కర్లేదు. 1964లో రంగూన్ నుంచి విశాఖకు, మద్రాసుకు వచ్చిన ఓడల్లో ఆ కథంతా ఉంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు అది పరాయి కథా కాదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పొట్ట చేతపట్టుకుని బయల్దేరిన కుటుంబాల్లో కొన్ని బెంగాల్ నాగపూర్ రైలెక్కి ఇక్కడి వర్క్‌షాపు పనికి వచ్చాయి. కొన్ని ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మోశాయి. ఇక్కడికొచ్చినవాళ్లు రైల్వే క్వార్టర్లలో మనవల్ని ఎత్తుకున్నారు. అక్కడికెళ్లినవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు.

కూలికెళ్లి సొంత దేశానికి తిరిగొచ్చినవాళ్లు రాజకీయ బహిష్కృతులెలా అవుతారని కొందరు అడుగుతారు. 1962లో బర్మాలో జనరల్ నె విన్ సైన్యం అండతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో అతని ప్రభుత్వం రంగూన్ దుకాణాలను జాతీయం చేసింది, మే 17న 50, 100 చాట్‌ల నోట్లను రద్దు చేసింది. దుకాణం పోయింది, పెట్టె అడుగున దాచిన నోట్లూ చెల్లకుండా పోయాయి. రంగూన్‌లోనే పుట్టి, విశాఖను ఏనాడూ చూడని పిల్లల ప్రయాణాన్ని తిరిగిరావడం అని ఎలా అంటాం? విచారణ లేకుండా జనాన్ని బంధించిన మన ఊళ్లోని హిజ్లీ నిర్బంధ శిబిరాన్నే చూడండి. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. రవీంద్రులు బహిరంగంగా నిరసించారు. విచారణ లేకుండా బంధించడం రాజకీయమైతే, విచారణ లేకుండా బతుకుతెరువు లాక్కుని ఓడెక్కించడం కూడా రాజకీయమే. ఆ ఓడలెక్కినవాళ్లకూ మన సాహిత్యంలో చోటుండాలి.

బర్మావాళ్ల గోడు మాటేమిటన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కడితే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. దాంతో రేగిన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఇద్దరు పేదలను ఒకరి మీదికొకరిని ఉసిగొల్పి లాభపడినవాళ్లు తెల్లదొరల కంపెనీలవాళ్లు. ఆ బర్మా కూలీ ఆకలిని కూడా రాయని నవల ఓడలోని కన్నీళ్లను ఎంత బాగా రాసినా అబద్ధమే అవుతుంది.

ఊహ తెలిసిన వయసులో ఆ ఓడలు దిగినవాళ్లిప్పుడు డెబ్బై, ఎనభై దాటారు. విశాఖ బర్మా క్యాంపులో, శ్రీకాకుళం పల్లెల్లో వాళ్లు ఇంకా ఉన్నారు. రచయితలారా, ఈ ఏడే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.