పేరు మార్చిన రెజ్యూమె

పోయిన నెల మా టీమ్‌లో ఒక ఫ్రెషర్ పోస్టుకి రెజ్యూమెలు వడపోసే పని నా మీద పడింది. హెచ్‌ఆర్ వాళ్లు నలభై పంపారు. ఆఫీస్ క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లోనే ఒక్కోటీ తెరిచా. పదో దానికి వచ్చేసరికి ఏది ఎవరిదో కలిసిపోయింది. అందరి కెరీర్ ఆబ్జెక్టివ్ ఒకటే, చివర్లో డిక్లరేషన్ ఒకటే. నవ్వొచ్చింది గానీ, నా మొదటి రెజ్యూమె కూడా అచ్చం అంతే. సీనియర్ దగ్గర వర్డ్ ఫైల్ తీసుకుని నా పేరు పెట్టుకున్నా. తండ్రి పేరు మార్చడం మర్చిపోతే ప్లేస్‌మెంట్ సార్ క్లాసు మధ్యలో పట్టుకున్నారు.

ఆ నలభైలో ఒక్కటి దగ్గర మాత్రం ఆగిపోయా. అందరూ ప్రాజెక్ట్ కింద 'ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్' అని రాస్తే, ఈ అమ్మాయి ఇలా రాసింది: 'మా నాన్నగారి ఎరువుల షాపులో ఖాతాల కోసం యాప్ చేశాను. 140 మంది రైతుల లెక్కలు ఇప్పుడు ఇందులోనే ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ పడుతుంది, నెట్ వచ్చాక సర్వర్‌కి వెళ్తుంది.' మూడే వాక్యాలు. ఎవరి కోసం చేసింది, ఎంతమంది వాడుతున్నారు, ఎక్కడ కష్టమొచ్చింది, అన్నీ తెలిసిపోయాయి. ఇంటర్వ్యూలో అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం. 'హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్' అని ఆమె ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు.

ఇక ఏటీఎస్. అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, మన ఫైల్‌ని చదివి పేరు, చదువు, స్కిల్స్ విడదీసి దాచుకునే సాఫ్ట్‌వేర్. 'స్కోర్ 90 దాటాలి' అని వీడియోల్లో భయపెడుతుంటారు, నేనైతే ఆ గోల పట్టించుకోను. ఆ స్కోర్ ఆ వెబ్‌సైట్ సొంత లెక్క. కానీ రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్లు, స్కిల్ పక్కన నక్షత్రాలు, బొమ్మలో ఇరికించిన ఫోన్ నంబరు, వీటి దగ్గర సాఫ్ట్‌వేర్ నిజంగానే తడబడొచ్చు. మీరే చూసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరుస గజిబిజిగా ఉంటే మెషీన్‌కీ దాదాపు అలాగే కనిపిస్తుంది. జావాకి ఐదులో నాలుగు నక్షత్రాలంటే ఏమిటో మనిషికీ అర్థం కాదనుకోండి.

తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, ఇంటి నంబరుతో సహా అడ్రస్, ఇవన్నీ తీసేయండి. ఆధార్, పాన్ నంబర్లు అసలే వద్దు. ఆ ఫైల్ ఎంతమంది చేతులు మారుతుందో మీకు తెలియదు. ఫ్రెషర్‌కి ఒక పేజీ చాలు. ఫైల్ పేరు 'రెజ్యూమె ఫైనల్ న్యూ 3' అని కాకుండా మీ పేరుతో ఉండాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. మా బాబాయ్ కొడుకు 2023లో బీటెక్ అయ్యాడు. ఇంకా ఉద్యోగం లేదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తుంటే ఒక కన్సల్టెన్సీ వాళ్లు తగిలారు. డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతారట, ఆఫర్ లెటరు, పే స్లిప్పులు అన్నీ వాళ్లే ఇస్తారట. "అందరూ చేస్తున్నారన్నా" అన్నాడు.

చేస్తున్నారు, నాకూ తెలుసు. కానీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇప్పుడు పీఎఫ్ యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడగడం మామూలైపోయింది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది. పీఎఫ్ లేదంటే జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపించమంటారు. పైగా ఈ వెరిఫికేషన్ చాలాచోట్ల చేరాక కూడా నడుస్తుంది. మూడు నెలల తర్వాత ఒకరోజు లాగిన్ ఆగిపోతుంది. కట్టిన డబ్బు వెనక్కి రాదు. అంతకు ముందే, మూడేళ్ల అనుభవం అన్నావు కాబట్టి ఇంటర్వ్యూలో మూడేళ్ల ప్రశ్నలే అడుగుతారు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి రెండేళ్లు ఖాళీగా ఉన్నానని ఎలా రాయను?" అన్నాడు.

నిజంగా ఖాళీగా ఉన్నావా అని అడిగా. తొమ్మిది నెలలు ఖమ్మంలో వాళ్ల మేనమామ మొబైల్ షాపులో కూర్చున్నాడట. స్టాక్ అంతా ఎక్సెల్‌లోకి ఎక్కించింది వీడే. ఏ మోడల్ కవర్లు అమ్ముడుపోకుండా పడున్నాయో ఫార్ములా పెట్టి తీసేవాడట. "అది కూడా రాస్తారా?" అన్నాడు ఆశ్చర్యంగా. ఇద్దరం కూర్చుని నెలలతో సహా రాశాం. కోర్సు వివరం దాని కింద ఒక్క లైనే. రాత్రి పన్నెండైంది.

ఇప్పటికి చాలా చోట్లకు పంపాడు, రెండు కాల్స్ వచ్చాయి. మొదటిది పోయింది. రెండోది ఈ గురువారం. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, షాపు గురించి అడిగితే ఏం చెప్పాలని. ఆ ఎక్సెల్ ఫైల్ ఇంకా నీ దగ్గర ఉందా అని అడిగా. మామయ్య సిస్టంలో ఉందట, తెప్పించుకుంటున్నాడు.